గోడ ఏమిటో తెలిశాకే మేకు

(కొత్త అపార్ట్‌మెంట్ వాసుల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

నా పని పటాలు కట్టడం, కట్టిన పటాలను గోడలకు ఎక్కించడం. తంజావూరు పటాలు, శ్రీకాళహస్తి కలంకారీలు, చేర్యాల నకాషీ బొమ్మలు, నిమ్మలకుంట తోలుబొమ్మలు... ఇలాంటివన్నీ అద్దం వేసి, ఫ్రేమ్ కట్టి ఇస్తుంటాను. బొమ్మ గీసినవాళ్లు నెలల తరబడి కష్టపడతారు. కొన్నవాళ్లు డబ్బు కూడబెట్టి కొంటారు. ఆ పటాన్ని గోడకు పట్టి ఉంచేది మాత్రం పది రూపాయల ప్లాస్టిక్ ముక్క, గోడ రంధ్రంలో స్క్రూ చుట్టూ కూర్చునే ప్లగ్. దాని గురించి ఎవరూ ఒక్క నిమిషం ఆలోచించరు. ఈ సాయంత్రం ఆ ముక్క గురించీ, అది కూర్చునే గోడ గురించీ మాట్లాడతాను.

ఫోన్లో నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే: "ఎంత పెద్ద మేకు కొట్టాలి?" నేను తిరిగి అడుగుతాను, "మీ గోడ దేనితో కట్టారండీ?" చాలామందికి తెలియదు. పాతిక కిలోల పటాన్ని ఇట్టే మోసే స్క్రూలు బజారులో బోలెడు దొరుకుతాయి. ఆ స్క్రూను మీ గోడ పట్టుకుంటుందా అన్నదే లెక్క.

మన తాతల ఇళ్లలో ఈ సమస్య లేదు. మట్టి గోడో, సున్నం గోడో, మూరెడు మందం పైనే ఉండేది. కాస్త గోడ తవ్వి, అందులో చెక్క ముక్క దిగ్గొట్టి, ఆ చెక్కకు మేకు కొట్టేవాళ్లు. దేవుడి పటాలు, పెద్దవాళ్ల ఫోటోలు పైన దూలానికి దగ్గరగా, ముందుకు కాస్త వాలి ఉండేవి. చెక్కకు చెదలు పట్టనంత కాలం ఏ ఇబ్బందీ లేదు. ఇంగ్లండ్‌లో జాన్ రాలింగ్స్ అనే కాంట్రాక్టరుకు బ్రిటిష్ మ్యూజియంలో గోడలు పాడు కాకుండా కరెంటు సామాను బిగించే పని వచ్చింది. అప్పుడు జనపనారతో చిన్న గొట్టాలు చేయించాడు. 1910 ప్రాంతపు మాట అది. మనం 'రావల్ ప్లగ్' అంటున్నది ఆయన పేరుతో వచ్చిందే. ఇప్పుడు మనం వాడే నైలాన్ ప్లగ్‌ను 1958లో జర్మనీలో ఆర్టుర్ ఫిషర్ తయారు చేశాడు. అందుకే మన హార్డ్‌వేర్ షాపుల్లో ఏ కంపెనీ ప్లగ్ అయినా 'ఫిషర్' అనే అడుగుతారు. తాతల నాటి చెక్క ముక్క, ఈ నైలాన్ ప్లగ్ చేసే పని ఒకటే. స్క్రూ లోపలికి వెళ్లేకొద్దీ ప్లగ్ ఉబ్బుతుంది. ఉబ్బి, చుట్టూ ఉన్న గోడను నొక్కుతుంది. ఆ నొక్కుడే పట్టు.

ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ప్లగ్ నొక్కితే గోడ ఎదురు నిలవాలి. కాంక్రీటు నిలుస్తుంది. బాగా కాలిన ఎర్ర ఇటుక నిలుస్తుంది. మరి మీ ఇంటి గోడ?

మన వైపు గోడలు మారడానికి పెద్ద కారణం బూడిద. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాలాక మిగిలే బూడిద గుట్టలుగా పడి ఉండేది. థర్మల్ కేంద్రానికి 50 కిలోమీటర్ల లోపు ఇటుకలు చేసేవాళ్లు ఆ బూడిద కలిపి తీరాలని 1999లో కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వు ఇచ్చింది. 2003లో ఆ దూరాన్ని 100 కిలోమీటర్లు చేశారు, 2016లో 300 చేశారు. పొలాల్లో పైమట్టి తవ్వి ఇటుక బట్టీలకు తోలడం తగ్గాలన్నది ఉద్దేశం. మంచి ఉద్దేశమే. అలా బూడిద ఇటుక వచ్చింది, ఆ వెనకే ఇప్పుడు మీ గోడల్లో ఉన్న తెల్ల దిమ్మె వచ్చింది. ఏఏసీ (ఆటోక్లేవ్డ్ ఏరేటెడ్ కాంక్రీట్) బ్లాక్ అంటారు, మేస్త్రీలు లైట్ వెయిట్ బ్రిక్ అంటారు.

దీన్ని స్వీడన్‌లో యోహాన్ ఆక్సెల్ ఎరిక్సన్ అనే ఆర్కిటెక్ట్ 1920లలో కనిపెట్టాడు. బూడిద, సున్నం, సిమెంట్, జిప్సం నీళ్లతో కలిపి, అందులో కొంచెం అల్యూమినియం పొడి వేస్తారు. సున్నంతో ఆ పొడి కలవగానే హైడ్రోజన్ పుట్టి, లోపలంతా చిన్న చిన్న బుడగలు లేస్తాయి. ముద్ద పొంగుతుంది. గట్టిపడ్డాక తీగలతో కోసి, 180 నుంచి 200 డిగ్రీల ఆవిరిలో ఎక్కువ పీడనం కింద గంటల తరబడి ఉడికిస్తారు. అలా వచ్చిన దిమ్మెలో చాలా భాగం గాలే. ఘనపు మీటరు ఎర్ర ఇటుక పనికి 1,800 కిలోల దాకా బరువుంటే, ఇది 550, 650 కిలోలు తూగుతుంది. భవనం మీద బరువు తగ్గుతుంది, బీములకూ పునాదికీ ఇనుము తగ్గుతుంది, ఎండాకాలం ఇంట్లో వేడి తగ్గుతుంది. బిల్డర్లు దీన్ని వాడటంలో తప్పు లేదు. నేనూ మంచి సరుకే అంటాను. కాకపోతే దీనికి మేకు కొట్టే పద్ధతి వేరు. ఆ సంగతి ఇంటి తాళాలు ఇచ్చేటప్పుడు ఎవరూ చెప్పరు.

ఈ మధ్య ఒక ఇంటివాళ్లు పిలిస్తే వెళ్లాను. నాలుగడుగుల తంజావూరు కృష్ణుడు రాత్రిపూట కింద పడ్డాడు. గోడ దగ్గరికి వెళ్లి చూస్తే ప్లగ్, స్క్రూ, ప్లాస్టరు అన్నీ కలిసి ఒకే ముద్దగా ఊడి వచ్చాయి. స్క్రూ వంగలేదు, విరగలేదు, కొత్తదానిలా ఉంది. గోడలో రంధ్రం పైన అరచేయంత వెడల్పుగా, లోపలికి పోయేకొద్దీ సన్నగా ఉంది. వేలు పెట్టి రుద్దితే అంచులు పొడిపొడిగా రాలాయి. డ్రిల్లింగ్ మిషన్‌ను హ్యామర్ మోడ్‌లో, అంటే బిట్ తిరుగుతూనే సుత్తిలా దెబ్బలు కొట్టేలా, పెట్టి కొట్టారని చూడగానే అర్థమైంది. ఆ దెబ్బలకు లోపలి బుడగల గోడలు నలిగిపోతాయి. రంధ్రం 8 మిల్లీమీటర్లు అనుకుంటారు, లోపల 11, 12 అయి కూర్చుంటుంది. ప్లగ్ ఎంత ఉబ్బినా దానికి అందేది పొడే. పైపైన ప్లాస్టరు, లప్పం పట్టుకుని కొన్ని వారాలు నిలిచింది, ఆ తర్వాత వదిలేసింది. అద్దం పగిలి బంగారు రేకు మీద గీసుకుపోయింది. ఆ గీతలు పూర్తిగా పోయేలా ఎవరూ బాగుచేయలేరు.

కాబట్టి ముందు గోడను తెలుసుకోండి. ఇందుకు మిషన్లేమీ అక్కర్లేదు. ఫర్నిచర్ వెనక కనపడని చోట సన్న బిట్‌తో, హ్యామర్ లేకుండా, ఒక చిన్న రంధ్రం వేయండి. కింద తెల్ల కాగితం పట్టుకోండి. మొదట రాలేది లప్పం, తర్వాత ప్లాస్టరు ఇసుక. అరంగుళం దాటాక ఏం రాలుతుందో చూడండి. ఎర్ర పొడి వస్తే మట్టి ఇటుక. ముదురు బూడిద రంగులో కాస్త గరుగ్గా ఉండి, బిట్ నెమ్మదిగా దిగుతుంటే బూడిద ఇటుకో, గట్టి సిమెంట్ దిమ్మో. బిట్ అసలు దిగనని మొరాయిస్తే అది కాంక్రీటు, బీమో కాలమో అయి ఉంటుంది. బియ్యప్పిండిలా తెల్లగా, మెత్తగా రాలుతూ, చేత్తో నొక్కకుండానే బిట్ లోపలికి పోతుంటే ఏఏసీ. కాసేపు గట్టిగా ఉండి ఒక్కసారిగా చెయ్యి ముందుకు తూలితే అది హాలో బ్లాక్, లోపల ఖాళీ ఉంది.

ఇక బరువు. బరువును చూపుతో అంచనా వేయకండి. బాత్రూమ్ బరువు మిషన్ మీద మీరు ఒకసారి నిలబడండి, పటం పట్టుకుని ఇంకోసారి నిలబడండి, తేడా చూసుకోండి. అద్దం ఎంత బరువో చాలామందికి ఊహకు కూడా రాదు. మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు రెండున్నర కిలోలు. నాలుగడుగులకు మూడడుగుల పటానికి 4 మిల్లీమీటర్ల అద్దం వేస్తే అద్దమే 11 కిలోలు. తంజావూరు పటమైతే దాని వెనక 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఆ పైన సుద్ద ముద్ద, రాళ్లు, నాలుగు వైపులా టేకు ఫ్రేమ్. పాతిక కిలోలు దాటడానికి ఎంతోసేపు పట్టదు. అద్దం బదులు అక్రిలిక్ షీటు వేస్తే ఆ భాగం సగానికి సగం తగ్గుతుంది. గీతలు పడతాయని కొందరు వద్దంటారు. ఎత్తులో ఉండే పటానికి, మంచం పైన ఉండే పటానికి నేను అక్రిలిక్కే వేయమంటాను.

ఏఏసీ గోడకు వస్తాను, ఇక్కడున్న చాలామందిది అదే.

మొదటిది, హ్యామర్ ఆఫ్. మామూలుగా తిప్పితే చాలు. రెండోది, ప్లగ్ సైజు కంటే ఒక సైజు సన్న బిట్ వాడండి. 8 ప్లగ్‌కు 7 బిట్, లేదంటే 6. ప్లగ్‌ను సుత్తితో మెల్లగా తట్టి దించాలి. వేలితో తోస్తే దిగిపోయిందంటే అది వదులు. మూడోది లోతు, అందరూ తప్పు చేసేది ఇక్కడే. ప్లాస్టరు, లప్పం కలిపి 15 మిల్లీమీటర్లు అనుకుందాం. 50 మిల్లీమీటర్ల ప్లగ్ పెడితే దిమ్మెలో ఉండేది 35 మాత్రమే. ప్లాస్టరులో ఉన్న భాగాన్ని లెక్కలోకి తీసుకోకండి, అది బరువు మోసేది కాదు. పెద్ద పటాలకు నేను 80 మిల్లీమీటర్లకు తక్కువ పెట్టను. అయితే అవతల బాత్రూమ్ ఉన్న నాలుగంగుళాల గోడ అయితే జాగ్రత్త, అటువైపు టైల్ ఊడుతుంది.

షాపులో 'ఏఏసీ ప్లగ్' అని ప్రత్యేకంగా అడగండి. దాని ఒంటి చుట్టూ మెలి తిరిగిన వెడల్పాటి రెక్కలుంటాయి. సుత్తితో కొడితే ఆ రెక్కలు దిమ్మెను కోసుకుంటూ వెళ్లి కూర్చుంటాయి. ఉబ్బి నొక్కడం కంటే, ఎక్కువ చోట పట్టుకోవడం మెత్తటి దిమ్మెకు మంచిది. ప్యాకెట్ మీద రాసిన బరువు చూసి మురిసిపోకండి. చాలా ప్యాకెట్ల మీద ముందు కనిపించే అంకె కాంక్రీటుకు. కంపెనీ పట్టికలో ఏఏసీ వరుస వేరే ఉంటుంది, దాన్ని చదవండి. ఆ వరుస లేని ప్లగ్‌ను నేను కొనను. కంపెనీ ఇచ్చిన అంకె ఊడే బరువా, వాడదగ్గ బరువా అన్నది కూడా చూడాలి. ఊడే బరువైతే అందులో నాలుగో వంతే నా లెక్క.

నాలుగోది, దుమ్ము. రంధ్రంలో పొడి ఉండిపోతే ప్లగ్ ఆ పొడి మీదే జారుతుంది. ఊది శుభ్రం చేయండి. ముందు కళ్లద్దాలు, మాస్కు పెట్టుకోండి. సిమెంటు దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ఇప్పుడు తీగ గురించి. పటం వెనక తీగను ఎంత బిగుతుగా లాగి కడితే అంత గట్టిదని అనుకుంటారు. జరిగేది దానికి వ్యతిరేకం. పటం 20 కిలోలు, ఒక్క మేకు, తీగ రెండు వైపులా 60 డిగ్రీల వాలుతో దిగుతోంది అనుకుందాం. ఒక్కో వైపు తీగ మీద పదకొండున్నర కిలోల లాగుడు ఉంటుంది. వాలు 30 డిగ్రీలైతే ఒక్కో వైపు 20 కిలోలు. బాగా బిగించి 15 డిగ్రీలు చేస్తే దాదాపు 39 కిలోలు. గోడ మీద బరువు అదే 20. ఎక్కువైన బలమంతా ఫ్రేమ్ పక్క చెక్కలను లోపలికి గుంజుతుంది. మూలలు విచ్చుకునేది, రింగు స్క్రూలు ఊడేది అందుకే. నైలాన్ తాడైతే ఏళ్లు గడిచేకొద్దీ సాగుతుంది కూడా. అందుకే బరువైన పటానికి తీగే వద్దంటాను. వెనక రెండు వైపులా రెండు డి-రింగులు (ఇంగ్లిష్ డి అక్షరంలా ఉండే ఇనుప రింగులు), గోడకు రెండు హుక్కులు, నేరుగా తగిలించండి. బరువు రెండు చోట్లకు పంచుకుంటుంది, ఫ్యాన్ గాలికీ తలుపు చప్పుడుకీ పటం పక్కకు ఒరగదు. హుక్కు గోడను ఆనుకుని ఉండాలి. స్క్రూ రెండంగుళాలు బయటికి పొడుచుకొస్తే, ఆ బరువు రంధ్రం కింది అంచును నలిపేస్తుంది.

పాతిక కిలోలు దాటితే నాకు నచ్చిన పద్ధతి ఇంకొకటి ఉంది, ఏటవాలు పట్టీల జత. 18 మిల్లీమీటర్ల మంచి ప్లైవుడ్ పట్టీని పొడవునా 45 డిగ్రీల వాలుతో రెండుగా చీల్చాలి. ఒక ముక్క గోడకు, వాలు అంచు పైకి, గోడ వైపుకు దిగేటట్టు. రెండోది పటం వెనక తలకిందులుగా. పటాన్ని పై నుంచి దించితే రెండు వాలులూ ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. బరువు పెరిగేకొద్దీ పటం గోడకు మరింత దగ్గరవుతుందే గానీ జారదు. మూడడుగుల పట్టీకి అయిదు స్క్రూలు వేయండి, జానెడుకొకటి. ఏ ఒక్క ప్లగ్ వదులైనా మిగతావి ఆదుకుంటాయి. పటం కింది భాగంలో అదే మందం ఉన్న రెండు చెక్క ముక్కలు అతికించండి, లేకపోతే కింద లోపలికి వాలుతుంది. దీనివల్ల పటం వెనక ముప్పావు అంగుళం గాలి ఆడుతుంది. తంజావూరు పటానికి అది ప్రాణం. సుద్ద, జిగురు చెమ్మ పీల్చుకుంటే ఉబ్బి పగుళ్లిస్తాయి. వానాకాలం చెమ్మెక్కే బయటి గోడకు, బాత్రూమ్ అవతలి గోడకు ఏ పద్ధతిలోనూ తంజావూరు పటం పెట్టకండి.

ఇత్తడి విగ్రహాలు, స్టాండు మీద నిలిపేవి వేరే కథ. చదునైన పటం గోడను కిందికి లాగుతుంది. ముందుకు పొడుచుకొచ్చిన స్టాండు పై స్క్రూను బయటికి లాగుతుంది. 15 కిలోల విగ్రహం గోడకు 15 సెంటీమీటర్ల దూరంలో ఉండి, స్టాండు పట్టీ 10 సెంటీమీటర్ల ఎత్తే ఉంటే, పై స్క్రూను బయటికి లాగే బలం ఇరవై రెండున్నర కిలోలు. ఏఏసీకి అన్నిటికంటే కష్టం ఈ బయటికి లాగుడే. స్టాండు పట్టీ పొడవుగా ఉన్నది తీసుకోండి, లేదా విగ్రహాన్ని నేల మీద పీట మీదే పెట్టుకోండి.

కరెంటు సంగతి మరిచిపోవద్దు. స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా, ఏసీ పాయింటుకు నిలువునా, గోడలో పైపులు ఉంటాయి. అక్కడ డ్రిల్ పెట్టకండి. వైర్ ఎక్కడుందో చూపే చిన్న పరికరాలు దొరుకుతున్నాయి, కొనుక్కోండి. పని మొదలుపెట్టే ముందు మెయిన్ బోర్డులో ఆ గదికి కరెంటు ఆపే స్విచ్, అంటే ఎంసీబీ, దించండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

(ఒక పెద్దాయన: మా ఊళ్లో ఇల్లు హాలో బ్లాకులతో కట్టాం. దానికీ ఇదే పద్ధతా?)

కాదండీ. హాలో బ్లాకులో మీకు అందేది ముందరి పెంకు ఒక్కటే. అది 25 నుంచి 35 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. మామూలు ప్లగ్ సగం ఖాళీలో వేలాడుతుంది. రెండు దారులున్నాయి. ఒకటి టాగిల్ బోల్టు. రంధ్రంలోంచి మడిచి దూరిస్తే లోపల రెక్కలు విచ్చుకుని పెంకును వెనక నుంచి పట్టుకుంటాయి. ఇంకొకటి కెమికల్ యాంకర్. ముందు రంధ్రంలో జాలీ గొట్టం పెట్టి, అందులో రెసిన్ (ఆరితే గట్టిపడే జిగురు) నింపి, మర ఉన్న కడ్డీ తోయాలి. జాలీలోంచి రెసిన్ బయటికి వచ్చి లోపల ముద్దకడుతుంది. జాలీ లేకుండా నింపితే రెసిన్ అంతా ఖాళీలోకి జారిపోతుంది, డబ్బు దండగ. హ్యామర్ దీనికీ వద్దు, పెంకు వెనక వైపు పెద్ద పెచ్చు ఊడిపోతుంది. మీరు ఇంకా కట్టుకుంటున్నట్లయితే, పటం వచ్చే చోట ఆ వరుస బ్లాకుల్లో కాంక్రీటు నింపించేయండి. అంతకంటే మేలైన పని లేదు.

(ఒకామె: మేం అద్దెకుంటున్నాం. ఓనర్ గోడకు రంధ్రం వేయనివ్వరు. అతికించే హుక్కులు వాడొచ్చా?)

అమ్మా, ఆ హుక్కు అతుక్కునేది గోడకు కాదు, రంగుకు. రంగు లప్పానికి అతుక్కుని ఉంటుంది. బరువు పడితే మూడూ కలిసి ఊడొస్తాయి. క్యాలెండర్‌కు వాడుకోండి. బరువైన పటాన్ని అడుగెత్తు చెక్క స్టాండు మీద నిలబెట్టి, గోడకు కాస్త వాల్చండి. బరువంతా నేలకు పోతుంది. పిల్లలు లాగినా ముందుకు పడకుండా పైన ఒక్క చిన్న బ్రాకెట్ ఉండాలి. ఆ ఒక్క రంధ్రానికి ఓనర్‌ను అడగండి, ఖాళీ చేసేటప్పుడు పూడ్చి ఇస్తామని చెప్పండి.

(ఒక యువకుడు: హాల్లో ఆరడుగుల చెక్క శిల్పం పెట్టాలి, అరవై కిలోలు ఉంటుంది. ఏఏసీ గోడ.)

దిమ్మెల జోలికే వెళ్లకండి. పైన బీము ఉంది కదా, అది కాంక్రీటు. బీముకు హ్యామర్ డ్రిల్‌తో యాంకర్ బోల్టులు వేసి, గట్టి ఇనుప పట్టీ బిగించి, అక్కణ్నుంచి స్టీలు కేబుళ్లతో దించండి. కాంక్రీటులో చువ్వ తగిలితే దాన్ని కోయొద్దు, రంధ్రం పక్కకు జరపండి. ఫాల్స్ సీలింగ్ వేయించేముందే ఈ పని అయిపోవాలి. సీలింగ్ వేశాక చెబితే మళ్లీ కోయాల్సి వస్తుంది. శిల్పం అడుగు కూడా నేలకు ఆనే వీలుంటే ఆనించండి, అప్పుడు కేబుళ్ల పని అది ముందుకు పడకుండా పట్టుకోవడమే అవుతుంది.

(అదే యువకుడు: ఇంతకుముందు ఉన్నవాళ్లు వేసిన పెద్ద రంధ్రం ఉంది. అగ్గిపుల్లలు, ఎంసీల్ (కలిపి పెడితే గట్టిపడే ముద్ద) పెట్టి అందులోనే ప్లగ్ వేయొచ్చా?)

వద్దు. అగ్గిపుల్ల ఎండి సన్నబడుతుంది. ఎంసీల్ గట్టిగానే ఉంటుంది గానీ, దాని చుట్టూ ఉన్న దిమ్మె అప్పటికే నలిగి ఉంది, ముద్ద ముద్దగా ఊడొస్తుంది. వదులు పొడి అంతా గీకి, నీళ్లు చిలకరించి, ఏఏసీ బ్లాకులు అతికించే జిగురు మోర్టారుతో పూడ్చేయండి. దానికి కనీసం జానెడు దూరంలో కొత్త రంధ్రం వేయండి. పటం పెద్దదే కాబట్టి పాత మచ్చ దాని వెనకే ఉండిపోతుంది.

(ఆ యువకుడు: బిగించాక మళ్లీ చూసుకోవాలా?)

చూసుకోవాలి. పటం పై అంచు దగ్గర గోడ మీద పెన్సిల్‌తో సన్న గీత పెట్టండి. నెల తర్వాత చూడండి, మళ్లీ వానాకాలం అయ్యాక చూడండి. పటం గీత కంటే కిందికి దిగినా, హుక్కు చుట్టూ లప్పం వెంట్రుకంత పగులు చూపినా, ఆ రోజే దించేయండి.